ముడి చెదరలేదు, ఆయిలు తగ్గింది

మేస్త్రి బొటనవేలికి పాత చొక్కా గుడ్డ చుట్టుకుని, తన చిన్న ట్రాక్టరు సీటు వెనక ఉన్న హైడ్రాలిక్ ఆయిలు మూత చుట్టూ పేరుకున్న దుమ్మును అంచు వెంబడి తుడుస్తున్నాడు. మూత తీయడం తర్వాతి మాట, ముందు దుమ్ము పోవాలి. ఒక్క ఇసుక రేణువు లోపల పడిందా, పంపు గీసుకుపోతుంది. గీసుకుపోయిన పంపు ఆ రోజు ఏమీ అనదు. పని ముమ్మరంగా ఉన్న రోజు చూసుకుని పగ తీర్చుకుంటుంది.

గుడ్డ మూత మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. మూతనూ, పక్కనున్న గేజీ పుల్ల తలనూ కలిపి కట్టిన సన్నటి ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంది. మొక్కలకు అంటు కట్టే పట్టీ అది. ముడి కూడా చెదరలేదు. రెండు చుట్లు, కొస లోపలికి, పైన ఒక మెలిక. ఎవరూ చూడకుండా తనే కట్టాడు.

ముడి విప్పలేదు. పట్టీని పక్కన బ్లేడుతో కోసి, ముడిని ముడిలాగే జేబులో వేసుకున్నాడు. పుల్ల లాగి తుడిచి, మళ్ళీ అడుగుదాకా దించి, మళ్ళీ లాగి వెలుతురుకు పట్టాడు. నింపిన రోజున పై గీతను తాకుతూ ఉన్న ఆయిలు ఇప్పుడు కింది గీతకు కూడా అందడం లేదు.

నేల చదునుగానే ఉంది. ఇంజను ఆపి చాలాసేపయింది. వెనక పనిముట్లు ఎత్తే లిఫ్టు చేతులు కిందికి దించే ఉన్నాయి. లిఫ్టు లేపి ఉంచి కొలిస్తే, ఆయిలు కొంత పైన సిలిండర్లో చిక్కుకుని గేజీ తక్కువ చూపిస్తుందని బండ్లు తెచ్చే వాళ్ళందరికీ చెప్పేది తనే. కాబట్టి కొలత తప్పలేదు. కట్టింది కట్టినట్టే ఉండగా, లోపలిది లేచి ఎక్కడికో నడిచి వెళ్ళింది.

"ఇంట్లో వాళ్ళ పనే" అనుకున్నాడు మేస్త్రి.

చుట్టుపక్కల అందరూ అతన్ని రెండోచూపు మేస్త్రి అంటారు. ఒకసారి చూసింది అతని లెక్కలో చూసినట్టు కాదు. గ్యాసు పొయ్యి ఆపానని భార్య చెబితే, సరేనంటూనే వంటింట్లోకి తొంగి చూసి వస్తాడు. కుర్రతనంలో అలా ఉండేవాడు కాదు. నీటి పంపులు బాగుచేసే కొట్లో ఊడిగం చేస్తూ, పాత ఇంజన్లు ఊడదీసి బిగిస్తూ, అడిగితే ఎవరూ చెప్పని పనిని చేతులతోనే నేర్చుకున్నాడు. ఒకరోజు, "ఆపేశాలే, చెయ్యి పెట్టు" అన్నాడు పక్కవాడు. వాడు ఆపింది వేరే ఇంజను. మేస్త్రి కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు బెల్టు వెంట పోయింది. ఆనాటి నుంచి ఆ మొండివేలే అతనికి గురువు. ఎవరేం చెప్పినా మొదట అది దురద పెడుతుంది.

ఆయిలు తగ్గడం ఇది మొదటిసారి కాదు. మొదట తగ్గినప్పుడు కారుతోందనుకున్నాడు. బండి కింద కొత్త అట్టలు పరిచాడు. పొద్దున చూస్తే అట్టల మీద ఒక బల్లి తప్ప ఏమీ లేదు. పైపుల అతుకులన్నిటికీ సుద్దపొడి రాసి చూశాడు. తడి ఉంటే మచ్చ పడుతుంది, ఎక్కడా పడలేదు. ఆయిలు వాసన చూశాడు, మాడలేదు. రంగు చూశాడు, నీళ్ళు కలిసి పాలలా మారలేదు. ఉన్న ఆయిలు శుభ్రంగా ఉంది. లేనిది మాత్రం శుభ్రంగా లేకుండా పోయింది. రెండోసారి నింపినప్పుడే ఆ ముడి కట్టాడు.

ఇక మిగిలింది మనుషులు.

మనుషులంటే ఎంతోమంది లేరు. మేస్త్రి మామగారు పోతూ పోతూ తన మొక్కల తోటను ఇద్దరు కూతుళ్ళకు చెరిసగం చేశారు. పెద్ద కూతురు మేస్త్రి భార్య. చిన్న కూతురి భర్తను ఇంట్లో అందరూ చిన్నల్లుడంటారు. రెండు తోటల మధ్య కంచె ఉంది, కంచెలో ఒక ఇనుప గేటు ఉంది. అక్కాచెల్లెళ్ళు రోజుకు ఎన్నిసార్లు ఆ గేటు దాటుతారో గేటుకే తెలియాలి. ఎవరి ట్రాక్టరు వాళ్ళదే గాని, మట్టి, ఎరువు మోసే ట్రాలీ ఒక్కటే. ఈ ఏడే దానికి మేస్త్రి జాకీ అమర్చాడు. ట్రాక్టరు ఆయిలు పైపు తగిలిస్తే తొట్టి తనంతట తనే పైకి లేచి మట్టిని గుమ్మరిస్తుంది.

ట్రాలీ విషయంలో చిన్నల్లుడి మీద మేస్త్రికి పాత కోపమే ఉంది. మేస్త్రి వాడాక తొట్టిని పైకి లేపి, కడిగి, నీళ్ళు ఓడి చెక్కలు ఆరేలా లేపిన తొట్టి కింద ఊతదూలం పెట్టి, అప్పుడు పైపు విప్పి తన బండి తెచ్చుకుంటాడు. చిన్నల్లుడు వాడి వదిలాడంటే బురద బురదలాగే ఉంటుంది, తొట్టి నేల చూస్తూ పడి ఉంటుంది. "కడిగితే అరుగుతుందా?" అని మేస్త్రి ఒకసారి అడిగాడు. "కడిగినా రేపు మళ్ళీ మట్టేగా అన్నయ్యా, మట్టిని మట్టితో కలవనీ" అన్నాడు చిన్నల్లుడు. అలాంటి మాటలు మనిషికి ఎక్కడి నుంచి వస్తాయో మేస్త్రికి అర్థం కాదు. పని ఉన్నవాడికైతే రావు.

నిన్న సాయంత్రం చిన్నల్లుడి ట్రాక్టరు గేటు దగ్గర కాసేపు ఆగి వెళ్ళింది. ఆగిన చోట నేల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. మేస్త్రి వాడేది ఎర్ర ఆయిలు. చిన్నల్లుడి బండిలో పోసేది తేనెరంగుది. ఆ చుక్కల ముందు మేస్త్రి గొంతుకూర్చుని, మొండివేలితో ఒకటి అద్ది, వాసన చూసి, లేచి, నేరుగా బజారుకెళ్ళి ఒక పెద్ద తాళం కప్ప కొన్నాడు.

అంటు కట్టే పందిరి కింద భార్య పీట మీద కూర్చుని, చిన్న కత్తితో కొమ్మను ఏటవాలుగా చెక్కుతోంది. మేస్త్రి వచ్చి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు.

"మళ్ళీ తగ్గిందా?"

"నీకెలా తెలుసు?" అన్నాడు వెంటనే.

"మీ నీడ చూస్తే తెలుస్తోంది. కారిందేమో చూశారా?"

"కారలేదు."

"ఆవిరైపోయిందేమో."

"పొయ్యి మీది నీళ్ళా ఆవిరైపోడానికి? తోడుకున్నారు. నీ చెల్లెలి మొగుడి బండి ఎర్ర ఆయిలు కారుస్తోంది. నిన్న నా కళ్ళతో చూశాను."

ఆమె కొమ్మ పక్కన పెట్టింది. "ఆ మహానుభావుడికి తన బండి ఆయిలు మూత ఎక్కడుందో తెలీదు. మీ బండిది వెతికి పట్టుకుని తోడుకున్నాడా?"

"అవసరం అన్నీ నేర్పుతుంది."

"ఏం అవసరం? ఉత్తి చేతులతో వచ్చి అడిగినా మీరు పోసేవారేగా."

"అడిగితే పోసేవాణ్ణి. అడగలేదుగా." మేస్త్రి జేబులోంచి ముడి తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది మూతకి కట్టాను. ఇది చెదరలేదు. ఆయిలు తగ్గింది."

ఆమె ముడిని చూసింది. అతన్ని చూసింది. "బాగుంది. ఇంట్లో మూతలకి కాపలా ముడులు వేసేదాకా వచ్చారన్నమాట."

"ఈ ముడి రెండు తోటల్లో ఇద్దరికే వచ్చు" అన్నాడు మేస్త్రి, పందిరి రాటలోని మేకును పరీక్షగా చూస్తూ.

ఆమె కత్తి కింద పెట్టింది.

"ఓహో" అంది ఆమె. "అంటే విప్పి, తోడించి, మళ్ళీ కట్టింది నేను."

"నేనలా అనలేదు."

"మీరెప్పుడు అన్నారు గనక! అనరు, చూస్తారంతే." ఆమె ముడిని గోటితో ఎత్తి అతని మొహానికి దగ్గరగా పట్టింది. "సరిగ్గా చూడండి. రెండుసార్లు చూడండి. నేను కట్టిందైతే కొస లోపలికి పోయి కనిపించదు. దీని కొస బయటికి తొంగి చూస్తోంది, అచ్చం మీలాగే. ఇది మీ ముడే."

మేస్త్రి చూశాడు. కొస నిజంగానే తొంగి చూస్తోంది. అంటే ఎవరూ విప్పలేదు. విప్పకుండా ఆయిలు తీశారంటే దొంగ మరీ పనివాడన్నమాట. అనుమానం తగ్గకపోగా దానికి కొత్త కొమ్మ మొలిచింది.

"మధ్యాహ్నం ట్రాలీ కోసం వస్తాడుగా. ఇవ్వను. గేటుకి తాళం వేసేస్తాను. ఎవరిది వాళ్ళకి."

"నేల మా నాన్న ఇచ్చింది. గేటు మేమిద్దరం పెట్టించుకున్నది. తాళం మీదా?" ఆమె గొంతు పెంచలేదు. చెక్కిన కొమ్మను మొక్క చీలికలో దించి, పట్టీ చుట్టి, ముడి వేసింది. కొస కనపడలేదు. "వెయ్యండి. కాకపోతే వేసే ముందు నేను గేటుకి ఏ వైపున ఉన్నానో చూసుకుని వెయ్యండి."

ఆమె ఊరికే అనే మనిషి కాదు. మేస్త్రి జేబులో తాళం కప్ప ఒక్కసారిగా బరువెక్కింది.

అయినా ఒక్క చూపుతో తీర్పు చెప్పడం అతనికి చేతకాదు. చుక్కలు చూశాడు సరే, బండి లోపల చూడలేదుగా. గేటు దాటి చిన్నల్లుడి రేకుల షెడ్డుకు వెళ్ళాడు. ఇంట్లోంచి చిన్నల్లుడి పాటా, పాట మధ్యలో నవ్వూ వినిపిస్తున్నాయి. తిండి దగ్గర కూడా నోరు ఖాళీ ఉండదు మనిషికి.

ముందు మూత చుట్టూ తుడిచాడు. దొంగ బండి అయినా సరే, మూత మూతే. పుల్ల లాగాడు. ఆయిలు పై గీతను దాటి వేలెడు ఎత్తున ఉంది. రంగు తేనె కాదు, ఎరుపూ కాదు, రెండూ కలిసిన ఇటుక రంగు. వెనక చక్రం ఇరుసు చివర తడి మెరుస్తోంది. పట్టనంత పోస్తే ఏ సీలు ఆపుతుంది? ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే బ్రేకు తడిసేది. చెరువు వైపు వాలులో దిగేటప్పుడు గాని తెలిసేది కాదు.

"బావా! మా బండి చూస్తున్నారా?" మరదలు తలుపు దగ్గర నిలబడి ఉంది. "చూడండి చూడండి. ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా పట్టదు. మజ్జిగ తేనా?"

"వద్దు" అన్నాడు మేస్త్రి. ఇంత ఆప్యాయంగా అడిగిందంటే ఏదో ఉంది. మొహం చూశాడు, ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా అనుమానంగానే ఉంది.

ఆమె లోపలికి వెళ్ళగానే జేబులోంచి ఇంకో పట్టీ తీసి చిన్నల్లుడి ఆయిలు మూతకీ ముడి వేశాడు. ఈసారి కొస లోపలికి తోసి తోసి కట్టాడు. ఆ తర్వాత తన తోటలోకి వచ్చి, ట్రాలీకి అల్లంత దూరంలో ఖాళీ కుండీల దొంతర వెనక కూర్చున్నాడు. ట్రాలీ తను పొద్దున కడిగి పెట్టినట్టే ఉంది. తొట్టి లేచి, ఊతదూలం మీద బరువు ఆనించి, ఎండలో ఆరుతోంది.

చిన్నల్లుడు వచ్చాడు. ట్రాక్టరును వెనక్కి నడిపించి, ట్రాలీకి తగిలించి పిన్ను వేశాడు. పైపు కొసను తన బండి కప్లింగులో గుచ్చాడు. లివరు కాస్త లాగి తొట్టిని రవ్వంత లేపి ఊతదూలం పీకి పక్కన పడేశాడు. లివరు దించాడు. తొట్టి మెల్లగా, నిట్టూరుస్తున్నట్టు కిందికి దిగి కూర్చుంది. ఇదంతా పాట ఆపకుండానే చేశాడు. మేస్త్రి ట్రాక్టరు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఆపు!" కుండీల వెనక నుంచి మేస్త్రి లేచాడు. "ఇంజను ఆపు!"

చిన్నల్లుడు అదిరిపడ్డాడు. "అమ్మో! అన్నయ్యా, నువ్వా? కుండీలో మొలిచావా ఏంటి?"

"ఆపావా?"

"ఆపాను."

మేస్త్రి వెళ్ళి తాళంచెవి తనే తిప్పి చూసి, పీకి చేతిలో పట్టుకున్నాడు. ముడి చూశాడు. చెదరలేదు. పట్టీ కోసి, ఆయిలు కాస్త నిలకడగా సర్దుకునేదాకా ఆగి, పుల్ల లాగాడు, తుడిచాడు, దించాడు, లాగాడు.

ఇందాక వేలెడు ఎత్తున ఉన్నది ఇప్పుడు జానెడుకు దగ్గరగా, పుల్ల మెడదాకా పాకింది.

ఎవరూ మూత తీయలేదు. ఎవరూ పోయలేదు. తన కళ్ళముందే పెరిగింది.

మేస్త్రి పుల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొండివేలు దురద పెట్టడం మానేసింది. అతని చూపు పుల్ల మీంచి పైపు మీదికి, పైపు మీంచి జాకీ మీదికి, జాకీ మీంచి నేల మీద పడి ఉన్న ఊతదూలం మీదికి వెళ్ళింది. లిఫ్టు లేపి ఉంచి కొలిస్తే ఆయిలు పైన చిక్కుకుంటుంది. ఇది అందరికీ చెప్పేవాడే తను. ట్రాలీ తొట్టి కూడా ఒక లిఫ్టే. పొద్దున తన బండి తన ఎర్ర ఆయిలును జాకీలోకి తోసి తొట్టి లేపింది. తొట్టి లేచి ఉండగానే పైపు విప్పాడు. ఆయిలు జాకీలో ఉండిపోయింది. ఇప్పుడు చిన్నల్లుడి బండి తగిలించి తొట్టి దించితే, జాకీలోని ఆయిలు వెళ్ళడానికి ఉన్నది ఒక్కటే దారి. చిన్నల్లుడు దించిన తొట్టిని దించినట్టే వదులుతాడు, జాకీ ఖాళీ. మళ్ళీ తను వచ్చి, మళ్ళీ తన ఆయిలుతో లేపి, కడిగి, ఆరబెట్టి...

ఊరంతా దొంగ కోసం గాలించి చూస్తే, దొంగ తన శుభ్రతే.

"ఏంటన్నయ్యా అలా అయిపోయావు?" చిన్నల్లుడు దిగి వచ్చాడు. "నా బండికేమన్నా జబ్బా? ఈమధ్య వెనక తడి తడిగా ఉంటోంది. తడిగా ఉంటే మంచిదేలే, తుప్పు పట్టదు అనుకున్నా."

"నీ బండిలో ఉన్నది నా ఆయిలు."

చిన్నల్లుడి నవ్వు సగంలో ఆగింది. "ఏంటి, నేను తీశానంటావా?"

మేస్త్రికి ఎప్పుడూ లేనంత కష్టమైంది నోరు తెరవడం. కంచె దగ్గర భార్య వచ్చి నిలబడి ఉండటం చూశాడు. గేటుకి ఆ వైపునా, ఈ వైపునా అని చూశాడు. సరిగ్గా గేటు మధ్యలో నిలబడి ఉంది.

"నువ్వు తీయలేదు. నేనే ఇచ్చాను. తొట్టి లేపి ఉంచి పైపు విప్పినప్పుడల్లా ఇచ్చాను."

చిన్నల్లుడు కాసేపు ఆలోచించాడు. అర్థమయ్యాక ట్రాలీ అంచు పట్టుకుని విరగబడి నవ్వాడు. "అడిగితే పాత మేకు కూడా రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చేవాడివి, అడక్కుండా ఆయిలు పోశావా? వదినా, విన్నావా? మీ ఆయన దాత!"

"విన్నాను" అంది ఆమె. "దాతగారు నిన్న కప్ప కూడా కొన్నారు, అడగండి."

"కప్పేంటి?"

"ముందు పని కానీ" అన్నాడు మేస్త్రి.

తాళంచెవి ఇచ్చి చిన్నల్లుడి బండిని షెడ్డు ముందు చదును నేల మీదికి తోలించి, చెవి మళ్ళీ తీసుకుని జేబులో వేసుకున్నాడు. ట్రాలీ విప్పించాడు, ఈసారి తొట్టి దించి ఉండగానే. కింద శుభ్రమైన డబ్బా పెట్టి, అడుగు బోల్టును సగం వదులు చేసి, ఎక్కువైన ఆయిలును సన్నటి ధారగా దించాడు. ఇటుక రంగు ధార. బోల్టు బిగించాడు, పుల్ల చూశాడు, ఇంకా కాస్త ఎక్కువే ఉంది, మళ్ళీ వదులు చేశాడు. ఇరుసు చివర తడి తుడిచి, బ్రేకు పొడిగానే ఉందని వేలు పెట్టి చూసుకున్నాడు. "ఈ కలగాపులగం ఎక్కువకాలం ఉంచకు. ఈ అంటు పనులయ్యాక మొత్తం దించి కొత్తది పోద్దాం."

"నువ్వు ఎప్పుడంటే అప్పుడే."

ఆ తర్వాత తన బండి. కొత్త ఆయిలు డబ్బా మూత తుడిచి, సన్నజాలీ ఉన్న గరాటు పెట్టి, గరాటు పొంగకుండా కొంచెం కొంచెంగా పోశాడు. ఇంజను వేసి లిఫ్టును పైకీ కిందికీ ఆడించాడు. పంపు మూలుగు తగ్గి, గొంతు సవరించుకున్నట్టయింది. లిఫ్టు దించి, ఇంజను ఆపి, మళ్ళీ చూశాడు. ఆయిలు గీత మీదే ఉంది. ఏ బండికీ ముడి కట్టలేదు.

డబ్బాలోకి దించిన ఇటుక రంగు ఆయిలును ఏ బండిలోనూ పోయనివ్వలేదు. చిన్న గుడ్డ పేలికను అందులో ముంచి గేటు మడతబందులకు రాశాడు. భార్య పక్కనే నిలబడి చూసింది. గేటును ఇటూ అటూ ఆడించాడు. చాలా ఏళ్ళుగా కిర్రుమనేది ఇప్పుడు నోరు మెదపలేదు.

"మరి కప్ప?" అంది ఆమె.

"ఆయిలు గదికి వేస్తాను."

"ఎవరు ఎత్తుకుపోతారని?"

"ఎవరూ ఎత్తుకుపోరు." మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "అయినా."

ఆమె పెదవి బిగపట్టింది. నవ్వు మాత్రం దాగలేదు. అంటు పట్టీ ముక్క ఒకటి అతని చొక్కా గుండీకి కట్టి, కొస లోపలికి తోసి, పందిరి వైపు వెళ్ళిపోయింది.

చిన్నల్లుడు తన బండి ఎక్కబోయాడు. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఆయిలు చూసుకున్నావా?"

"నువ్వు చూశావుగా అన్నయ్యా. నీ మాట చాలదా?"

"చాలదు. నా మాట నమ్మకు. లాగి చూడు."

చిన్నల్లుడు పుల్ల మీద చెయ్యి వేశాడు. మేస్త్రి దగ్గాడు. చిన్నల్లుడు చెయ్యి వెనక్కి తీసుకుని, మేస్త్రి భుజం మీది గుడ్డ లాక్కుని, మూత చుట్టూ, పుల్ల తల చుట్టూ నిదానంగా తుడిచాడు. పాట పాడలేదు. పుల్ల లాగి, తుడిచి, దించి, లాగి, ఎండకు పట్టి ఒక కన్ను మూశాడు.

"గీత మీదే ఉంది."

"ఇంకోసారి."

రెండోసారి చూశాడు. "ఇప్పుడూ గీత మీదే ఉంది."

మేస్త్రి జేబులోంచి చిన్నల్లుడి బండి తాళంచెవి తీసి, తన చొక్కాకు తుడిచి, అతని అరచేతిలో పెట్టాడు.